నాగా పెట్టిన మనిషిని ముందు పలకరిద్దాం

"డాక్టరు గారూ, రెండు నెలల నుండి ఈయన డ్యూటీకి సరిగా పోవడం లేదండి. ఒక రోజు పోతే రెండు రోజులు నాగా. ఆఫీసు నుండి నోటీసు కూడా వచ్చింది. ఏమైందని అడిగితే మీద పడి అరుస్తున్నాడు. ఒంట్లో బలం లేదేమో, మంచి టానిక్ ఏదైనా రాయండి."

గని ఊళ్ల నుండి ఆస్పత్రికి వచ్చే ఇల్లాలి మాట తరచుగా ఇలాగే మొదలవుతుంది. భర్త బెంచీ చివర తల దించుకుని కూర్చుంటాడు. కదిలిస్తే తలనొప్పి అంటాడు, గుండెల మీద బరువు పెట్టినట్లుంది అంటాడు, కడుపులో మంట అంటాడు. బీపీ మామూలుగా ఉంటుంది. ఈసీజీ బాగానే వస్తుంది. రక్త పరీక్షలలో ఏమీ తేలదు. "నీకు ఏ జబ్బూ లేదు" అని పంపితే వచ్చే వారం మరో ఆస్పత్రికి పోతాడు. ఈలోపు ఇంకో నాలుగు నాగాలు పడతాయి.

ఇంతమంది ఇన్ని అడిగినా ఒక్క మాట మాత్రం ఎవరూ అడగరు: "రాత్రి నిద్ర పడుతోందా? మనసు ఎట్లా ఉంది?"

నాగా పెట్టిన ప్రతి ఒక్కరూ సోమరి కారు. చాలాసార్లు నాగా అనేది మనసు అలిసిపోయిందని చెప్పే మొదటి గుర్తు. జ్వరానికి ఒళ్లు వేడెక్కినట్లే దీనికి డ్యూటీ తప్పుతుంది. జ్వరం వచ్చిన వాడిని మనం తిట్టం, కారణం వెతుకుతాం. నాగా విషయంలోనూ అలాగే చేయవచ్చు. ఎలా చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

మన చుట్టూ ఉన్న పనులు

మన ప్రాంతంలో కష్టమైన పనులకు కొదవ లేదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అందుకే పెద్దలు ఇప్పటికీ ఇల్లెందును బొగ్గుట్ట అంటారు. అప్పటి నుండి కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి వరకు ఎన్నో కుటుంబాలు బొగ్గు మీదే బతుకుతున్నాయి. పాల్వంచలో కరెంటు తయారవుతుంది. అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. సారపాకలో కాగితపు మిల్లు ఉంది. అడవి దారుల్లో బస్సు నడిపే డ్రైవర్లు, గూడేలకు నడిచి వెళ్లే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు, అటవీ సిబ్బంది, ఎండాకాలంలో తునికాకు కోసే కూలీలు, ఇంకా ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులు, ఆయాలు ఉన్నారు.

వీరిలో ఒక్కొక్కరి ఒత్తిడి ఒక్కో రకం. గనిలో దిగేవాడికి పైకప్పు భయం. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపేవాడికి దుమ్ము, మోత, క్షణం ఏమరుపాటుకు వీలులేని పని. కాంట్రాక్టు కార్మికుడికి రేపు పని ఉంటుందో లేదో అన్న దిగులు. అటవీ సిబ్బందికి పోడు గొడవల నడుమ ప్రాణ భయం. 2022 నవంబరు 22న చంద్రుగొండ మండలంలో ఒక ఫారెస్టు రేంజ్ అధికారి డ్యూటీలో ఉండగానే హత్యకు గురయ్యారు. ఆ కబురు విన్న తర్వాత మరుసటి రోజు అదే అడవిలోకి అడుగుపెట్టాల్సిన సిబ్బంది మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. అదే ఏడాది జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అటువంటి వరదలప్పుడు సొంత ఇల్లు నీళ్లలో ఉన్నా ఇతరుల కోసం పనిచేయవలసి వచ్చే సిబ్బంది ఉంటారు.

గని ప్రాంతంలో మరో భారం ఉంది, అది బయటికి కనపడదు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఉద్యోగం వస్తుంది. అది కుటుంబానికి పెద్ద దీవెనే. కానీ డిగ్రీయో, బీటెక్కో చదివిన కుర్రవాడు ఒక్కసారిగా బదిలీ వర్కర్‌గా భూగర్భంలోకి దిగాలి. చెల్లెలి పెళ్లి అప్పు, ఇంటి అప్పు, తండ్రి మందుల ఖర్చు అన్నీ ఆ ఒక్క జీతం మీదే. "ఉద్యోగం వచ్చిందిగా, ఇంకేం బాధ?" అని అందరూ అంటారు. అందుకే అతను నోరు విప్పడు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో పనిచేసే వయసులో ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 15 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. దిగులు జబ్బు, ఆందోళన జబ్బు వల్ల ఏటా ప్రపంచంలో సుమారు 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. మన దేశంలో 2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవారిలో ప్రతి 100 మందిలో 10 మందికి పైగా చికిత్స అవసరమైన మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వారిలో ఎక్కువమందికి ఏ చికిత్సా అందడం లేదు. అంటే ఒక షిఫ్టులో 100 మంది దిగితే వారిలో పది మందైనా ఎవరికీ చెప్పుకోకుండా బాధపడుతూ ఉండవచ్చు.

ఈ గుర్తులు కనిపిస్తే జాగ్రత్త

కింది గుర్తులలో కొన్ని రెండు వారాలకు మించి ఉంటే డాక్టరును కలవండి.

1. నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం.
2. ఆకలి తగ్గడం, బరువు తగ్గడం.
3. ఇంతకు ముందు ఇష్టంగా చేసిన వాటి మీద ఆసక్తి పోవడం. పిల్లలతో కూడా మాట్లాడకపోవడం.
4. చిన్న విషయానికే కోపం, లేదా ఊరికే కన్నీళ్లు.
5. పరీక్షలలో కారణం దొరకని తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గుండె దడ.
6. పనిలో పొరపాట్లు, మతిమరుపు, చిన్న చిన్న గాయాలు పెరగడం.
7. డ్యూటీ టైము దగ్గరపడే కొద్దీ చెమటలు, వణుకు, విరేచనాలు.
8. తాగుడు మొదలవడం లేదా పెరగడం.
9. "నేను ఉండి ఏం లాభం", "నేను పోతే మీకే మంచిది" వంటి మాటలు.

రక్తహీనత, థైరాయిడ్, షుగరు వంటి జబ్బులు ఉన్నా నీరసం, దిగులు రావచ్చు. అందుకని మొదట మామూలు డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకోవాలి. చివరి గుర్తు ఒక్కటి కనపడినా రెండు వారాలు ఆగకూడదు, అదే రోజు సహాయం తీసుకోవాలి.

నైట్ షిఫ్టు, నిద్ర

మన శరీరం రాత్రి పడుకోవడానికి, పగలు మేలుకోవడానికి అలవాటుపడి ఉంటుంది. వారం వారం షిఫ్టు మారితే ఆ క్రమం చెదిరిపోతుంది. నిద్ర తక్కువైన మనిషికి కోపం, మరుపు, దిగులు తొందరగా వస్తాయి. పైగా కొత్తగూడెం, మణుగూరు ఎండలు మనకు తెలియనివి కావు. మే నెలలో 45 డిగ్రీల వేడిలో రేకుల ఇంట్లో పగలు నిద్రపోవడం ఎవరి తరం? నైట్ షిఫ్టు వాడి నాగాలలో కొన్ని అసలు నిద్ర నాగాలే.

నైట్ షిఫ్టు చేసేవారు ఈ జాగ్రత్తలు తీసుకోండి. షిఫ్టు రెండో సగంలో టీ, కాఫీ తాగవద్దు. డ్యూటీ దిగాక తేలికగా తిని వెంటనే పడుకోండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి గదిని చీకటి చేయండి, తడి గోనెలు లేదా కూలర్‌తో చల్లబరచండి. సెల్‌ఫోన్ వేరే గదిలో పెట్టండి. నిద్ర ముంచుకొస్తుంటే మోటారు సైకిల్ నడపవద్దు, పావుగంట కునుకు తీసి బయలుదేరండి. నిద్ర కోసం మద్యం అసలు తాగవద్దు. అది కునుకు పట్టిస్తుంది కానీ గాఢ నిద్రను చెడగొడుతుంది.

ఇంట్లో వారు కూడా సహకరించాలి. నాన్న పడుకున్నప్పుడు టీవీ సౌండు తగ్గించాలి. కరెంటు బిల్లు, బంధువుల పెళ్లి, పిల్లల ఫీజు వంటి మాటలు లేచిన తర్వాతే మాట్లాడాలి. సంఘ పెద్దలు, చుట్టాలు కూడా నైట్ షిఫ్టు ఉన్న ఇంటికి మధ్యాహ్నం వెళ్లకుండా సాయంత్రం వెళ్తే ఎంతో మేలు.

తాగుడు గురించి ఒక మాట

"తాగి నాగా పెడుతున్నాడు" అని అందరూ అంటారు. నిజమే, కానీ ఎందుకు తాగుతున్నాడో కూడా చూడాలి. కొందరు ఒళ్లు నొప్పులకు, కొందరు నిద్రకు, కొందరు భయం మరవడానికి మొదలుపెడతారు. కొన్నాళ్లకు తాగుడే కొత్త జబ్బు అవుతుంది. అప్పుడు దిగులు, తాగుడు ఒకదానినొకటి పెంచుకుంటాయి. రెండింటికీ కలిపి చికిత్స చేస్తేనే ఫలితం ఉంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగే వ్యక్తిని ఒట్టు పెట్టించి ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. డాక్టరు పర్యవేక్షణలో మందులతో మాన్పించాలి. ఒట్టు మంచిదే, కానీ అది ఆస్పత్రిలో వేయించండి.

ప్రమాదం చూసిన కళ్లు

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. ఇటువంటి ప్రమాదాలలో మరణించిన వారి కుటుంబాలను అందరూ పరామర్శిస్తారు. పక్కనే ఉండి బతికి బయటపడిన వారిని, శవాలను బయటికి తెచ్చిన రెస్క్యూ సిబ్బందిని ఎవరూ అడగరు. "నీకేం కాలేదుగా" అని భుజం తట్టి పంపిస్తారు.

అటువంటి వారికి కొన్ని వారాల పాటు పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి పోవాలంటే భయం కలగడం సహజం. చాలామందిలో మెల్లగా తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గకపోతే అది చికిత్స చేయదగిన జబ్బు. ప్రమాదం చూసిన మనిషిని జరిగినదంతా పదే పదే చెప్పమని బలవంతం చేయవద్దు. పక్కన ఉండండి, తిండి, నిద్ర చూడండి, అతను చెప్పదలచుకున్నప్పుడు వినండి. వెంటనే అదే పనికి పంపకుండా కొద్ది రోజులు వేరే పని ఇవ్వగలిగితే మంచిది. బస్సు ప్రమాదం జరిగిన డ్రైవరుకు, కళ్ల ముందు రోగి చనిపోయిన నర్సుకు కూడా ఇదే వర్తిస్తుంది.

పని చేయించేవారు ఏం చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబరులో పనిచేసే చోట మానసిక ఆరోగ్యం గురించి సూచనలు విడుదల చేసింది. వాటిలో ముఖ్యమైన మాట ఏమిటంటే, ఉద్యోగికి ధైర్యం చెబితే చాలదు, ఒత్తిడి కలిగించే పని పద్ధతిని కూడా మార్చాలి. పైవారికి మనిషిని గమనించడం నేర్పాలి. జబ్బు పడి కోలుకున్న వారిని మెల్లగా తిరిగి పనిలోకి తీసుకోవాలి. జపాన్‌లో 2015 డిసెంబరు నుండి 50 మంది, అంతకు మించి పనిచేసే చోట ఏడాదికి ఒకసారి ఉద్యోగుల ఒత్తిడిని పరీక్షించాలని చట్టమే చేశారు.

సింగరేణి సంస్థలో నాగాలు ఎక్కువైన కార్మికులను కుటుంబ సభ్యులతో సహా పిలిచి కౌన్సెలింగ్ చేసే పద్ధతి ఉంది. భార్య, తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చోవడం మంచి అవకాశం. ఆ కూర్చున్న పది నిమిషాలు "ఇకనైనా బుద్ధిగా డ్యూటీ చెయ్యి" అన్న మందలింపుతో అయిపోకూడదు. నిద్ర, తాగుడు, అప్పు, భయం ఈ నాలుగింటి గురించి నిదానంగా అడిగి, అవసరమైతే డాక్టరు దగ్గరకు పంపితే అదే అసలైన కౌన్సెలింగ్ అవుతుంది.

చిన్న దుకాణం యజమాని అయినా, పెద్ద మిల్లులో సూపర్‌వైజర్ అయినా, ఆస్పత్రిలో సిస్టర్ ఇన్‌చార్జి అయినా ఇవి చేయగలరు:

మనిషిలో మార్పు కనపడితే పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి అడగండి. "ఏం తమ్ముడూ, వారం నుండి సరిగా ఉండటం లేదు. ఇంట్లో అంతా బాగేనా? నిద్ర పడుతోందా?" అంటే చాలు. సలహా తర్వాత, ముందు వినండి.

షిఫ్టు జాబితా ముందుగా చెప్పండి. సెలవు అడగడానికి భయపడే పరిస్థితి ఉంటే నాగాలు పెరుగుతాయి.

విన్న మాటను క్యాంటీన్‌లో చర్చించకండి. ఒక్కసారి బయటపడితే మళ్లీ ఎవరూ మీకు చెప్పరు.

ఆడవారికి వేధింపులు లేని చోటు కల్పించండి. 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. నైట్ డ్యూటీ దిగిన నర్సు, ఆయా క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాటు చూడండి.

చికిత్స తీసుకుని తిరిగి వచ్చిన వారిని "పిచ్చి ఆస్పత్రికి పోయొచ్చాడు" అని ఎగతాళి చేయనివ్వకండి. మొదట కొన్ని వారాలు నైట్ షిఫ్టు, ఎత్తు మీద పని, ప్రమాదకర యంత్రాలు తప్పించండి.

చట్టం మీ పక్షాన ఉంది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మానసిక వైద్యం పొందడం ప్రతివారి హక్కు. మీ జబ్బు వివరాలు రహస్యంగా ఉంచాలి. ఆరోగ్య బీమా ఇచ్చే సంస్థలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకు కూడా బీమా కల్పించాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి ఆదుకోవాలే కానీ శిక్షించకూడదు. కాబట్టి కేసు అవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకురావడం ఆలస్యం చేయకండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యం పాలైతే అతన్ని తీసివేయకూడదని, చేయలేని పని నుండి తప్పించి అదే జీతంతో చేయగల పని ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. మానసిక అనారోగ్యం ఉన్న ఒక సీఆర్పీఎఫ్ అధికారిపై క్రమశిక్షణ చర్యలు తీసుకున్న కేసులో 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆ చర్యలను కొట్టివేసింది. జబ్బు వల్ల వచ్చిన ప్రవర్తనను కేవలం తప్పుగా చూసి శిక్షించడం వివక్ష అవుతుందని చెప్పింది. అయితే ఈ రక్షణ పొందాలంటే వైద్యం చేయించుకున్న కాగితాలు ఉండాలి. చీటీలు, రిపోర్టులు, మెడికల్ సర్టిఫికెట్లు ఒక ఫైలులో పెట్టుకోండి. నోటీసు వస్తే దాచిపెట్టకండి, గడువులోగా జవాబు ఇవ్వండి.

తరచుగా అడిగే సందేహాలు

ప్రశ్న: ఈ మందులు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలా? అలవాటు అయిపోతాయా?

జవాబు: దిగులు జబ్బుకు వాడే మందులు మద్యంలా అలవాటు కావు. పని చేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి "గుణం లేదు" అని మానేయకండి. బాగయ్యాక కూడా డాక్టరు చెప్పినంత కాలం వాడి, వారు చెప్పిన విధంగా మెల్లగా తగ్గించాలి. నిద్ర మాత్రలు వేరు, వాటిని మాత్రం షాపులో సొంతంగా కొనుక్కుని వాడకూడదు.

ప్రశ్న: మందులు వాడుతూ డ్యూటీ చేయవచ్చా?

జవాబు: చాలామంది చేస్తున్నారు. కొన్ని మందులు మొదట్లో మగత కలిగిస్తాయి. మీరు చేసే పని, షిఫ్టు వివరాలు డాక్టరుకు తప్పక చెప్పండి.

ప్రశ్న: ప్రార్థన చేయిస్తున్నాం, ఇంకా డాక్టరు ఎందుకు?

జవాబు: కాలు విరిగితే ప్రార్థనా చేస్తాం, కట్టూ కట్టిస్తాం. ఇదీ అంతే. ప్రార్థన చేయించండి, మందులు మాత్రం మానిపించకండి. విశ్వాసం తక్కువై ఈ జబ్బు వచ్చిందని అనకండి. ఆ మాట గాయాన్ని మరింత పెంచుతుంది.

సహాయం ఎక్కడ?

టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత ఫోను సేవ 24 గంటలూ ఉంటుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి. వాటి అనుబంధ ఆస్పత్రులలో మానసిక వైద్య విభాగం ఎక్కడో అడిగి వెళ్లండి. అంత దూరం పోలేనివారు దగ్గరలోని డాక్టరుతో లేదా ఆశా కార్యకర్తతో మొదలుపెట్టండి.

ఎవరైనా చావు మాట ఎత్తితే మాట మార్చకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా, ప్రేమగా అడగండి. అడిగితే ఆ ఆలోచన వస్తుందన్నది అపోహ. అడిగినందువల్ల మనసు తేలికపడుతుంది. ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందులు, ఎక్కువ మాత్రలు అందకుండా తీసివేయండి. 14416కు ఫోన్ చేయండి, అత్యవసరమైతే 108 పిలిచి ఆస్పత్రికి తీసుకురండి.

మొదట చెప్పిన ఇల్లాలి మాట దగ్గరకు మళ్లీ వద్దాం. ఆమె అడిగిన టానిక్ వల్ల ఆమె భర్త డ్యూటీకి పోడు. కానీ ఆమె అతన్ని తిట్టి ఇంట్లో కూర్చోబెట్టలేదు, ఆస్పత్రి దాకా తీసుకొచ్చింది. సగం పని అక్కడే అయింది. మిగతా సగం డాక్టరు అడిగే ప్రశ్నలో, సూపర్‌వైజర్ పలకరింపులో, పక్కింటివారి మౌనంలో ఉంది. ఈ వారం మీ పక్కన పనిచేసే వారెవరైనా రెండు రోజులు కనపడకపోతే, మస్టరు పుస్తకం తెరిచే ముందు వారి ఇంటి తలుపు తట్టండి.